మేనమామ ముచ్చట

(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

పరాభవ నామ సంవత్సరం అని పంచాంగంలో చూసి ఎవరూ జంకవద్దని మనవి. 1966లోనూ ఈ పేరు గల సంవత్సరమే వచ్చింది. ఆనాటి పెద్దలు దాన్ని దాటుకొని వచ్చినందువల్లనే మనమీవేళ ఇక్కడ కూర్చున్నాం.

నన్ను మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు దేన్ని గురించి మాట్లాడమంటారని అడిగాను. "నీకు తెలిసినదాన్ని గురించి" అన్నారు. నేను మెట్రిక్ చదివిన గుమాస్తాను. ఖుర్దా రోడ్ డివిజనులో పాసుల పని చూస్తాను. పాసుల గురించి చెబితే మీలో సగం మంది నిద్రపోతారు, మిగతా సగం మంది సభ అయ్యాక నన్ను పట్టుకొని తమ పాసు సంగతి అడుగుతారు. అందుచేత కిందటి వేసవిలో మా ఇంట జరిగిన సంగతి చెబుతాను. మా అక్క పిల్లలు ముగ్గురు మా ఇంటికి వచ్చి ఇరవైరెండు రోజులున్నారు. సంగతి అంతే.

మనవాళ్ళు ఈ వైపుకు ఎలా వచ్చారో పెద్దలు నాకంటె బాగా ఎరుగుదురు. 1893 నుంచి 1896 దాకా కటకం నుంచి బెజవాడకు రైలుదారి వేశారు. 1897లో ఖుర్దా రోడ్ నుంచి పూరీకి కొమ్మ లాగారు. ఆ పట్టాల వెంటనే శ్రీకాకుళం, విజయనగరం వైపు వాళ్ళు గాంగుల్లోకి, షెడ్లలోకి, ఆఫీసుల్లోకి వచ్చారు. మా తాత పలాస అవతల పల్లె నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో వచ్చినవాడు. తరవాత అది సౌత్ ఈస్టర్న్ అయింది, 2003లో ఈస్ట్ కోస్ట్ అయింది. రైల్వే పేర్లు మారాయి గాని మన క్వార్టర్ల ముందు ముగ్గులు మారలేదు. మారినదల్లా ఒకటి. మా నాన్న తరంలో అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఒక స్టేషనుకూ పక్క స్టేషనుకూ మధ్య ఉండేవారు. ఇప్పుడు ఒకరు పూనాలో, ఒకరు బెంగుళూరులో, ఒకరు రాయపూరులో. పిల్లలకు మేనమామ అంటే ఫోనులో కనబడే ఒక మొహం.

మా అక్క ఉన్నది పూనాలో. బావ అక్కడ ఒక కంపెనీలో పని చేస్తాడు. పిల్లల్లో పెద్దది పన్నెండేళ్ళది, నడిమివాడికి తొమ్మిది, చిన్నదానికి ఆరు. వాళ్ళు మా ఇంటికి రావడం అదే మొదలు. వెళ్ళి తెచ్చినది మా అమ్మ. "నేను బతికి ఉండగా ఈ పిల్లలు పుట్టింటి గడప చూడాలి" అని పట్టుబట్టి తానే వెళ్ళి కోణార్క్ ఎక్స్‌ప్రెస్సులో వెంటబెట్టుకొని వచ్చింది. అమ్మకు పాసు ఉన్నది. పిల్లలకు టిక్కెట్లు కొన్నాం. ఇక్కడ ఒక మాట. పాసు నిబంధనల్లో 'కుటుంబం' అనే మాటకు అర్థం నాకు కంఠస్థం. భార్య ఉన్నది, పిల్లలున్నారు. అక్క పిల్లలు లేరు. రోజూ ఆ నిబంధన చూస్తూ చూస్తూ నేను కూడా దాన్ని నమ్మేశానేమో అని ఇప్పుడనిపిస్తున్నది.

రైలు వచ్చేవేళకు ఇంకా చీకటిగా ఉన్నది. రెండు రాత్రుల ప్రయాణం చేసిన పిల్లలు జుట్టు చెదిరి, చెప్పులు చేత్తో పట్టుకొని దిగారు. నేను బిస్కెట్ పొట్లాలతో ఎదురు వెళ్ళాను. చిన్నది నన్ను పైనుంచి కిందకు చూసి అమ్మమ్మ కొంగు పట్టుకొని, "ఫోన్ పే మావయ్య మీరేనా?" అన్నది.

అమ్మ నవ్వింది. పక్కన మూటలు దింపుతున్న ఎవరో కూడా నవ్వారు. నేనూ నవ్వాను గాని ఆ నవ్వు సరిగా రాలేదు. మన ఆచారంలో మేనమామకు ఎంత చోటున్నదో మీకు వేరే చెప్పాలా? పుట్టు వెంట్రుకలు తీయించేది మేనమామ ఒడిలో. చెవులు కుట్టించేది మేనమామ ఒడిలో. రేపు పెళ్ళికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి పీటల మీదికి తెచ్చేది మేనమామ. ఈ చిన్నదానికి చెవులు కుట్టించిననాడు నేను పూనా వెళ్ళలేదు. సెలవు దొరకలేదని చెప్పి ఫోనులో రెండువేలు పంపాను. పెద్దదానికీ అంతే, వాడికీ అంతే. సెలవు దొరకకపోవడం అబద్ధం. నా సెలవు లెక్కలో రోజులు మిగిలే ఉన్నాయి. ఎందుకు వెళ్ళలేదో తరవాత చెబుతాను.

మొదటి మూడు రోజులు నేను చేసినవన్నీ తప్పులే. ఎక్కడ దబ్బుతో లోటు వచ్చిందో అక్కడ డబ్బుతోనే పూడ్చవచ్చుననుకొన్నాను. బ్యాటు కొన్నాను, బొమ్మ కొన్నాను, పెద్దదానికి రంగుల పెట్టె కొన్నాను. సాయంత్రం అందరికీ ఐస్‌క్రీము. పిల్లలు "థాంక్యూ" అన్నారు. చాలా మర్యాదగా అన్నారు. ఆ మర్యాద చూస్తే కడుపు మండింది. మనవాళ్ళ పిల్లలు మేనమామకు థాంక్యూ చెబుతారా? జేబులో చెయ్యిపెట్టి తీసుకొంటారు గాని.

అంతకంటె పెద్ద తప్పు భాష దగ్గర చేశాను. నడిమివాడికి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలో చెబుతాడు. నేను మన సంఘంలో సభ్యుణ్ణి కదా, ఆవేశం వచ్చింది. ఆఫీసు అలవాటు చొప్పున ఒక కాగితం మీద గీతలు గీసి గోడకు అంటించాను. తెలుగు కాని మాట ఒకటి అంటే ఒక రూపాయి జరిమానా. మొదటిరోజు సాయంత్రానికి వాడి లెక్క పదిహేడు రూపాయలు. మరునాటి నుంచి వాడు అసలు మాట్లాడడమే మానేశాడు. తెలుగూ లేదు, హిందీ లేదు. కావలసినది వేలితో చూపించేవాడు. రెండు రోజులు చూసి మా ఆవిడ ఆ కాగితం చింపి పొయ్యి గట్టు తుడిచింది. "పిల్లవాడు ఇంటికి వచ్చాడా, ఆఫీసుకు వచ్చాడా?" అన్నది. మా ఇంట ఇంకా చంటిబిడ్డ లేదు. ఆ సంగతి ఇక్కడ అందరికీ తెలుసు, అడగడం మానేశారు, అందుకు సంతోషం. కాని పిల్లల సంగతి ఆవిడకు తెలిసినంత నాకు తెలియదని ఆవేళ ఒప్పుకొన్నాను.

ఆవిడ చేసినదేమీ లేదు. తన వేసవి పని తాను చేసుకొన్నది, పిల్లల్ని అందులో కలిపింది. బూడిదగుమ్మడికాయ తరిగి, మినప్పిండి రుబ్బి డాబా మీద పాత చీర పరచి వడియాలు పెట్టింది. మన పక్కింటి ఒడియావారు కూడా ఇవి పెడతారు, బడి అంటారు. కాకులు మాత్రం రెండు ఇళ్ళ వడియాలూ తెలిసినవే. కాపలా పని నడిమివాడికి ఇచ్చింది. తలకు తడితువ్వాలు, చేతిలో వెదురుకర్ర, పక్కన మజ్జిగ చెంబు. మే నెల ఎండ, డాబా నిప్పుల పెనం. పొద్దున్న రెండు గంటలు, సాయంత్రం రెండు గంటలు కాపలా. నేను ఆఫీసు నుంచి వచ్చి చెప్పులు విప్పుతుండగా వాడు మెట్ల మీద నుంచి అరిచాడు: "మామా! నాలుగు కాకుల్ని భగాయించాను!"

అయ్యా, ఆ మాట ఏ నిఘంటువులోనూ లేదు. హిందీ క్రియకు తెలుగు తోక. కాని నాలుగు రోజుల తరవాత వాడు నాతో అన్న మొదటి మాట అది. నేను దిద్దలేదు. "మరి ఐదోది?" అన్నాను. "ఐదోది వడియం తీసుకొని భాగ్ గయా" అన్నాడు. మనమూ అంతే కదా. మూడు తరాలుగా ఒడియా మాటకు తెలుగు తోక తగిలిస్తూనే ఉన్నాం. ఆ తోకల భాషతోనే ఇక్కడ తెలుగు నిలిచింది. వారం తిరిగేసరికి వాడు కాకుల్ని 'తోలడం' నేర్చుకొన్నాడు. నేను నేర్పలేదు. అమ్మమ్మ కింది నుంచి "తోలరా, తోలరా" అని అరిచి నేర్పింది.

తరవాత ఆవకాయ. సంతలో పుల్లటి కాయ వెతకడానికి ముగ్గుర్నీ తీసుకొని వెళ్ళాను. కాయ కొరికి మొహం ఎవరిది ఎక్కువ వంకర పోతే ఆ కాయ కొనాలని చిన్నది నియమం పెట్టింది. ముక్కలు తుడవడం పిల్లల పని. తడి తగిలితే ఏడాది ఆవకాయ బూజుపడుతుందని అమ్మ బెదిరిస్తే, చిన్నది ప్రతి ముక్కనూ తన గౌనుతో రెండోసారి తుడిచింది. ఆ గౌను ఇక పనికిరాలేదు. మధ్యాహ్నం కొత్త ఆవకాయ కలిపిన పళ్ళెంలోనే వేడన్నం వేసి అమ్మ ముద్దలు పెట్టింది. వరసగా కూర్చున్న చేతుల్లో నా చెయ్యి కూడా ఉన్నది. ముప్ఫైనాలుగేళ్ళవాణ్ణి, అమ్మ చేతి ముద్దకు చెయ్యి చాపి ఎన్నేళ్ళయిందో! చిన్నది నా ముద్ద తన ముద్దకంటె పెద్దదని తగవు పెట్టుకొన్నది. "నీకు పెద్దది, నాకు చిన్నది" అన్నది. 'మీరు' పోయి 'నువ్వు' వచ్చింది. ఐస్‌క్రీములన్నీ కలిసి చేయలేని పని ఒక ముద్ద చేసింది.

పెద్దది మాత్రం ఇంకా దూరంగానే ఉన్నది. మాట తక్కువ, చూపు ఎక్కువ. ఏదో ఒకటి మనసులో పెట్టుకొని ఉన్నదని తెలుస్తూనే ఉన్నది.

ఒక ఆదివారం పూరీ వెళ్ళాం. మనకు నలభైనాలుగు కిలోమీటర్లు, పాసెంజరు బండి. దర్శనమయ్యాక బడదండ మీదికి వచ్చాం. రథయాత్రకు ఇంకా నెల పైన ఉన్నది. అక్షయ తృతీయనాడు మొదలుపెట్టిన రథాల పని సాగుతున్నది. ఏటా కొత్త రథాలే కదా. ఫాసీ, ధౌరా, అసన దుంగలు కుప్పలుగా పడి ఉన్నాయి. ఉలి దెబ్బలు ఒకే తాళంలో వినిపిస్తున్నాయి. చక్రాలు ఒకచోట ఆనించి ఉన్నాయి, నడిమివాడికంటె ఎత్తు. వాడు వాటి పక్కన నిలబడి కొలుచుకొంటున్నాడు. నేను నాకు తెలిసిన లెక్క చెప్పాను. జగన్నాథుడి నందిఘోషకు పదహారు చక్రాలు, బలభద్రుడి తాళధ్వజానికి పద్నాలుగు, సుభద్ర దర్పదళనానికి పన్నెండు. మొత్తం నలభైరెండు.

"సుభద్రకే ఎందుకు తక్కువ?" అన్నది పెద్దది.

"చెల్లెలు కదమ్మా, చిన్నది" అన్నాను.

"చిన్నది అనా, ఆడపిల్ల అనా?"

నేను ఏదో చెప్పబోయి ఆగాను. ఆ పిల్ల చక్రాలకేసి చూస్తూనే, "మావయ్యా, తాతయ్య ఉద్యోగం అమ్మకు రావలసినది, నీకిచ్చారట కదా?" అన్నది.

సభలో పెద్దలున్నారు, మా కుటుంబాన్ని ఎరిగినవారున్నారు. ఈ సంగతి చెప్పవచ్చునా అని మా అమ్మనడిగాను. "చెప్పు, నేను ముందు వరసలోనే కూర్చుంటాను" అన్నది. కూర్చున్నది కూడా.

నాన్న 2011లో సర్వీసులో ఉండగానే పోయారు. అలాంటప్పుడు ఇంటిలో ఒకరికి కారుణ్య నియామకం ఇస్తారు. ఎవరికి ఇవ్వాలో పోయినవారి భార్య చెప్పాలి. కొడుకైనా కావచ్చు, కూతురైనా కావచ్చు. అక్క అప్పటికి బి.కాం. పాసయింది. నేను మెట్రిక్ తరవాత ఇంటర్మీడియట్ తప్పి స్టేషను బయట టీకొట్టు దగ్గర కాలక్షేపం చేస్తున్నాను. అమ్మ నా పేరు చెప్పింది. ఆడపిల్ల రేపు ఇంకో ఇంటికి పోతుంది, మగపిల్లవాడు దారిన పడాలి, క్వార్టరు నిలవాలి. ఆవేళ మా కాలనీలో ఎవరినడిగినా ఇదే చెప్పేవారు. అమ్మను తప్పు పట్టడానికి నాకు నోరు లేదు. ఆ జీతం నుంచే అక్క పెళ్ళి అప్పు తీర్చాం. కాని అక్కను ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఇంకొక్క మాట. ఆ దరఖాస్తు ఇంగ్లీషులో నింపాలి. నా ఇంగ్లీషు, నా చేతిరాత రెండూ పనికిరానివి. నింపినది అక్కే. మా అమ్మ సంతకం చేసేచోట, నేను సంతకం చేసేచోట పెన్సిలుతో చిన్న గుర్తు కూడా పెట్టి ఇచ్చింది. మరుసటి ఏడు పెళ్ళయి పూనా వెళ్ళిపోయింది. ఒక్క మాట అనలేదు. ఆ అనకపోవడమే నాకు భయం. చెవులు కుట్టించినప్పుడు, వెంట్రుకలు తీయించినప్పుడు నేను వెళ్ళకపోవడానికి కారణం అదే. అక్క ఇంట ఆమె ఎదుట కూర్చొని ఆమె వడ్డించిన అన్నం తినడానికి నాకు మొహం చెల్లలేదు.

పన్నెండేళ్ళ పిల్ల అడిగితే ఇదంతా చెప్పాలా? "పెద్దల సంగతులు నీకెందుకు" అని ఒక కసురు కసిరితే సరిపోయేది. మనలో చాలామందిమి అదే చేస్తాం. ఆవేళ ఎందుకో చేయలేకపోయాను. సముద్రపు ఒడ్డున చిన్నవాళ్ళిద్దరూ ఇసుకలో ఆడుకొంటుంటే మొత్తం చెప్పాను. ఆమె శ్రద్ధగా విన్నది. తల్లి ఏనాడో తండ్రితో అంటుంటే విన్నదట. కోపంగా అనలేదట, ఊరికే అన్నదట. అక్క ఇప్పుడు ఇంట్లో పిల్లలకు లెక్కలు, అకౌంట్సు ట్యూషన్లు చెబుతున్నది.

అంతా విని ఆ పిల్ల, "ఫారం నింపినందుకు అమ్మకు థాంక్యూ చెప్పావా?" అన్నది.

మొదటి రోజుల్లో ఆ మాట మీద నాకు కోపం వచ్చిందని ఇందాక చెప్పాను.

మరునాడు నేను పోస్టాఫీసుకు వెళ్ళి నాలుగు పోస్టుకార్డులు తెచ్చాను. ఫోను ఉండగా కార్డెందుకని పిల్లలడిగారు. ఫోనులో అయితే మీ అమ్మ "ఊఁ" అని పెట్టేస్తుంది, కార్డయితే చదవక తప్పదన్నాను. తెలుగులో రాయాలని ఎవరూ జరిమానా పెట్టలేదు. అమ్మ ఒక పలక తీసి అక్షరాలు రాసి ఇస్తే వాళ్ళు చూసి దించుకొన్నారు. నడిమివాడు రెండు రోజులు కూర్చొని "అమ్మా, కాకులు తోలాను" అని రాశాడు. 'ళ'కూ 'ల'కూ తేడా తెలియక అమ్మమ్మతో దెబ్బలాడాడు. చిన్నది తన పేరు మాత్రం రాసి, మిగిలిన చోటంతా కాకి బొమ్మ వేసింది. పెద్దది రాసినది నాకు చూపలేదు. నాలుగో కార్డు నాది. ఆ నాలుగు వాక్యాలు రాయడానికి నాకు పట్టినంత సేపు ఏ ఆఫీసు నోటుకూ పట్టలేదు. ఏమి రాశానో ఇక్కడ చదవను. అది అక్కది.

కార్డులు వెళ్ళిన ఎనిమిదో రోజున అక్క ఫోను చేసింది. అమ్మతో వానల సంగతి, ఆవకాయ ఉప్పు సంగతి మాట్లాడింది. పిల్లలతో మాట్లాడింది. మా ఆవిడతో మాట్లాడింది. నేను పక్కగదిలో చొక్కా ఇస్త్రీ చేస్తున్నట్టు నిలబడి ఉన్నాను. పెట్టేసేముందు మా ఆవిడతో ఇలా అన్నదట: "వాడి కార్డు అందింది. పదిహేనేళ్ళ సర్వీసు దగ్గరపడుతున్నది, వాడి చేతిరాత ఇంకా బాగుపడలేదేమిటే?"

అంతకుమించి ఏమీ అనలేదు. నేను ఆ మాట మా ఆవిడ చేత రెండుసార్లు చెప్పించుకొన్నాను.

పిల్లల్ని తీసుకుపోవడానికి బావ వచ్చాడు. ఆవకాయ జాడీ, వడియాల డబ్బా, చిన్నది విడవనన్న వెదురుకర్ర అన్నీ బండెక్కాయి. వెదురుకర్ర బెర్తు కింద పట్టక బావ నన్ను తిట్టాడు. బండి కదిలే ముందు పెద్దది కిటికీ దగ్గర నుంచి నా చొక్కా జేబులో చెయ్యిపెట్టి పెన్ను తీసుకొన్నది. అడగలేదు. థాంక్యూ చెప్పలేదు.

వచ్చే మే నెలలో వాళ్ళు మళ్ళీ వస్తున్నారు. ఈసారి అక్క కూడా వస్తానన్నది. పన్నెండు రోజుల సెలవుకు దరఖాస్తు పెట్టాను, మంజూరైంది. బూడిదగుమ్మడికాయలు ఎవరి పెరట్లోనైనా ఉంటే సభ అయ్యాక నాకు చెప్పండి, రెండు కావాలి. పాసుల సంగతి మాత్రం ఈవేళ అడగవద్దు.